బాస్కెట్‌బాల్ మ్యాచ్ చివరి సెకన్లలో గడియారం తప్పితే రెఫరీలు ఏం చేస్తారు?

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఒక జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. మ్యాచ్‌లో 2.4 సెకన్లు మిగిలాయి. సైడ్‌లైన్ అవతలి నుంచి బంతిని కోర్టులోకి విసిరారు (దీన్నే త్రో-ఇన్ అంటారు). ఆటగాడు బంతి అందుకున్నాక కూడా గడియారం కాసేపు 2.4 దగ్గరే ఉండిపోయి, ఆ తర్వాత కదిలింది. అతను ఒక డ్రిబుల్ చేసి, అడుగు వేసి షాట్ కొట్టాడు. బంతి బాస్కెట్‌లో పడేసరికి స్కోర్ బోర్డు మీద ఇంకా 0.6 ఉంది, బజర్ మోగలేదు. రెఫరీలు చాలాసేపు మాట్లాడుకుని బాస్కెట్ రద్దు చేసి ఆట ముగిసిందన్నారు, ఎలా కొలిచారో మాత్రం కోచ్‌లకు చెప్పలేదు. "తప్పు టైమర్‌ది, శిక్ష మాకా? కనీసం ఆ త్రో-ఇన్ మళ్లీ ఆడించాలి కదా?" అన్నది అడిగినవారి బాధ. ప్రొటెస్ట్, అంటే ఫలితం మీద అధికారికంగా ఫిర్యాదు, చేయొచ్చా అని కూడా అడిగారు.

చాలా ఏళ్లు రెఫరీగా, అంతకుముందు కొంతకాలం కోర్టు పక్కన స్కోరు, గడియారం చూసుకునేవాళ్ల టేబుల్ దగ్గర టైమర్‌గా పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఆ నిర్ణయం సరైనదే అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు. బంతి కోర్టులోని ఆటగాడిని తాకిన క్షణం నుంచి షాట్ కోసం అతని చేతిని వదిలిన క్షణం దాకా నిజంగా ఎంత సమయం గడిచిందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అది 2.4 సెకన్ల లోపైతే బాస్కెట్ చెల్లుతుంది, దాటితే చెల్లదు. బోర్డు మీద 0.6 కనిపించడం వల్ల మీకు అదనంగా ఏ హక్కూ రాదు. మీ జట్టుకు ఉన్నది 2.4 సెకన్ల ఆట, బోర్డు దాన్ని చూపించే పరికరం మాత్రమే. పరికరం ఆలస్యంగా కదిలితే ఆ ఆలస్యం ఎవరి సొత్తూ కాదు. అటువైపు జట్టు కూడా 2.4 సెకన్లు కాపాడుకుంటే చాలనుకుని నిలబడిందని మర్చిపోకండి.

అయితే మళ్లీ ఎందుకు ఆడించరు? చాలామంది కోచ్‌లు కూడా ఇదే అడుగుతారు. కోర్టులో జరిగిన ఆటలో ఏ లోపమూ లేదు. త్రో-ఇన్ సరిగ్గా పడింది, ఆటగాడు అందుకున్నాడు, షాట్ కొట్టాడు. లోపం కొలతలో ఉంది, కాబట్టి కొలతనే సరిచేయాలి. ఆట మొత్తాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెడితే, షాట్ సమయంలోపే పడి ఉంటే మీ బాస్కెట్ అన్యాయంగా పోతుంది. సమయం దాటాక పడి ఉంటే అవతలి జట్టు గెలిచిన మ్యాచ్‌ని మరో అవకాశం ఇచ్చి లాక్కున్నట్టవుతుంది. ఎటు చూసినా ఒకరికి అన్యాయమే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. గడియారం ముందే మొదలైపోయి, హార్న్ కూడా మోగి, ఆటగాళ్లు ఆట అయిపోయిందనుకుని ఆగిపోతే పరిస్థితి వేరు. అప్పుడు వాళ్లు నిజంగా ఆడలేదు, కొలవడానికి ఏమీ లేదు. అలాంటప్పుడు సమయాన్ని వెనక్కి పెట్టి త్రో-ఇన్ మళ్లీ ఇవ్వడమే దారి. ఈ సందర్భంలో ఏం చేయాలన్నది ఒక్కో నిబంధనల పుస్తకంలో కొంచెం కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి, మీ టోర్నమెంట్ ఏ పుస్తకం ప్రకారం నడుస్తుందో ముందే తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు విషయం: ఈ తప్పులు చివరి సెకన్లలోనే ఎందుకు కనిపిస్తాయి? నిజానికి ఆట మొత్తం ఇవి జరుగుతూనే ఉంటాయి. మనిషి కన్ను చూసి వేలు బటన్ నొక్కడానికి దాదాపు 0.2 సెకన్లు పడుతుంది. టైమర్ గడియారాన్ని ఆ కాస్త ఆలస్యంగా మొదలుపెడతాడు, విజిల్ విన్నాక ఆపడంలోనూ అంతే ఆలస్యం చేస్తాడు. మొదట పోగొట్టింది చివర తిరిగి వస్తుంది కాబట్టి రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు. కానీ ఆఖరి త్రో-ఇన్‌లో ఆపడం అనేదే లేదు, సున్నా దగ్గర గడియారం తనంతట తానే ఆగుతుంది. అందువల్ల మొదట జరిగిన ఆలస్యం మొత్తం దాడి చేసే జట్టుకే పోతుంది. పది సెకన్లు ఉన్నప్పుడు 0.2 ఎవరికీ పట్టదు. 0.4 ఉన్నప్పుడు అది సగం ఆట.

2004 మే 13న శాన్ ఆంటోనియోలో జరిగిన ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ప్లేఆఫ్ మ్యాచ్ దీనికి మంచి ఉదాహరణ. 0.4 సెకన్లు మిగిలి ఉండగా లేకర్స్ ఆటగాడు డెరెక్ ఫిషర్ బంతి అందుకుని, తిరిగి షాట్ కొట్టాడు. లేకర్స్ 74-73తో గెలిచింది. రెఫరీలు రీప్లే చూసి బాస్కెట్ ఇచ్చారు. గడియారం ఆలస్యంగా మొదలైందని శాన్ ఆంటోనియో జట్టు స్పర్స్ అభ్యంతరం చెప్పింది, ఫలితం మాత్రం మారలేదు. 0.4 సెకన్లలో అది సాధ్యమా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు.

అసలు ఎంత తక్కువ సమయంలో షాట్ సాధ్యం అన్న ప్రశ్నకు నిబంధనల్లోనే ఒక గీత గీశారు. 1990 జనవరి 15న న్యూయార్క్‌లో నిక్స్, బుల్స్ మ్యాచ్‌లో 0.1 సెకను మిగిలి ఉండగా ట్రెంట్ టక్కర్ బంతి అందుకుని త్రీ-పాయింటర్ కొట్టాడు, నిక్స్ 109-106తో గెలిచింది. సెకనులో పదో వంతులో బంతి పట్టుకుని, ఎగిరి, వదలడం మనిషికి సాధ్యం కాదని చూసినవాళ్లందరికీ తెలుసు. గడియారం ఆలస్యంగా మొదలైందని వేరే సాక్ష్యం అక్కర్లేదు. తర్వాతి సీజన్‌కే ఎన్‌బీఏ నిబంధన మార్చింది. ఇవాళ ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య), ఎన్‌బీఏ రెండింటిలోనూ త్రో-ఇన్ తర్వాత బంతి పట్టుకుని షాట్ కొట్టాలంటే గడియారంలో కనీసం 0.3 ఉండాలి. 0.2 గానీ 0.1 గానీ ఉంటే గాల్లో ఉన్న బంతిని తట్టి బాస్కెట్‌లో వేయాలి, లేదా నేరుగా డంక్ చేయాలి, అంటే చేత్తో పైనుంచి రింగులోకి కుక్కాలి. అమెరికా హైస్కూల్, కాలేజీ నిబంధనలు ఇంకాస్త కఠినం, అక్కడ 0.3 ఉన్నా తట్టడమే. అందుకే చివర్లో 0.2 పెట్టాలా 0.3 పెట్టాలా అని రెఫరీలు మానిటర్ ముందు నిలబడితే విసుక్కోకండి. ఆ ఒక్క పదో వంతుతో ఏ షాట్ చెల్లుతుందో ఏది చెల్లదో మారిపోతుంది.

సరే, సమయాన్ని ఎలా కొలుస్తారు? రీప్లే సౌకర్యం ఉంటే ఇలా. గడియారం సరిగ్గా నడవలేదని తెలిశాక బోర్డు అంకెను పక్కన పెట్టేస్తారు. వీడియోను ఒక్కొక్క ఫ్రేమ్ జరుపుతూ బంతి ఆటగాడిని తాకిన మొదటి ఫ్రేమ్ పట్టుకుంటారు. తర్వాత బంతి చేతిని వదిలిన ఫ్రేమ్. సెకనుకు 30 ఫ్రేములు ఉన్న వీడియోలో 2.4 సెకన్లంటే 72 ఫ్రేములు. 66వ ఫ్రేమ్ దగ్గర బంతి చేతిని వదిలితే గడిచింది 2.2 సెకన్లు, కాబట్టి బాస్కెట్ చెల్లుతుంది. 75వ ఫ్రేమ్‌లోనూ బంతి చేతిలోనే ఉంటే చెల్లదు.

ఇక్కడ చాలామంది గమనించని రెండో కొలత ఒకటుంది. బాస్కెట్ చెల్లితే, ఆ తర్వాత ఇంకా ఎంత సమయం మిగిలింది? ఫీబాలో నాలుగో క్వార్టర్, ఓవర్‌టైమ్ చివరి రెండు నిమిషాల్లో బాస్కెట్ పడగానే గడియారం ఆగుతుంది. కాబట్టి బంతి తాకినప్పటి నుంచి అది రింగులోంచి దిగేదాకా కూడా కొలవాలి. 2.2 దగ్గర వదిలిన బంతి గాల్లో సెకను ఉంటే, అది పడేసరికి 2.4 ఎప్పుడో దాటిపోయింది. అంటే బాస్కెట్ చెల్లుతుంది, ఆట కూడా అక్కడితో ముగుస్తుంది. బోర్డు మీద ఉన్న 0.6 అవతలి జట్టుకు ఇవ్వరు. మీ మ్యాచ్‌లో వీడియో ఉండి ఉంటే రెఫరీలు అంతసేపు తీసుకోవడానికి కారణం ఈ రెండు కొలతలే కావచ్చు.

వీడియో ఉంటే పొరపాటు రాదని అనుకోకండి. 2016 ఫిబ్రవరిలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్ జట్ల మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. ఆ ఓవర్‌టైమ్‌లో 0.8 సెకన్లు ఉండగా బోయిసీ ఆటగాడు జేమ్స్ వెబ్ బంతి అందుకుని కొట్టిన షాట్ పడింది. గడియారం ఆలస్యంగా కదిలిందని గమనించిన రెఫరీలు, మానిటర్‌లో ఉన్న డిజిటల్ స్టాప్‌వాచ్‌తో కొలిచారు. 1.3 సెకన్లు పట్టిందని వచ్చింది, బాస్కెట్ రద్దు చేశారు. మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్‌కు వెళ్లి కొలరాడో స్టేట్ గెలిచింది. తర్వాత ఆ కాలేజీలు ఆడే లీగ్ (కాన్ఫరెన్స్) పరిశీలించి, వీడియోలోని స్టాప్‌వాచ్ వేగం అసలు సమయంతో సరిపోలేదని ప్రకటించింది. ఫలితం మాత్రం అలాగే ఉండిపోయింది. రెఫరీలు చేసిన పద్ధతిలో తప్పు లేదు, వాళ్ల చేతికిచ్చిన కొలబద్దే తప్పు. అందుకే నేను ఎప్పుడూ ఫ్రేములు లెక్కపెట్టమనే చెబుతాను. అదీ ఆ వీడియో సెకనుకు 25 ఫ్రేములదా, 30దా, 50దా అని తెలుసుకున్నాకే. మందగతిలో నడుస్తున్న వీడియో మీద చేతి స్టాప్‌వాచ్ పెట్టి కొలవడం అసలు చేయకూడని పని.

వీడియో లేని మ్యాచ్‌లే ప్రపంచంలో ఎక్కువ. అక్కడ రెఫరీ దగ్గర ఉన్నదల్లా కళ్లు, తనలో తాను పెట్టుకునే లెక్క. అమెరికా హైస్కూల్ నిబంధనల్లో దీని గురించి చాలా స్పష్టమైన మాట ఉంది: సమయం గురించి రెఫరీకి నికరమైన సమాచారం ఉంటేనే గడియారాన్ని మార్చాలి. అంచనాతో మార్చకూడదు. "సుమారు రెండు సెకన్లు పోయి ఉంటాయి" అన్నది సమాచారం కిందికి రాదు. "నేను విజిల్ ఊదినప్పుడు బోర్డు మీద 5.8 చూశాను, ఇప్పుడు 4.9 ఉంది" అన్నది సమాచారం. "బంతి తాకగానే లెక్క మొదలుపెట్టాను, మూడు అనుకునేసరికి ఫౌల్ అయింది" అన్నది కూడా సమాచారమే. ఏదీ లేకపోతే గడియారం ఎంత చూపిస్తే అంతే. వినడానికి ఇది కఠినంగా ఉంటుంది. కానీ తప్పని తెలిసిన అంకెను తీసేసి, తప్పో ఒప్పో తెలియని అంకెను పెట్టడంలో న్యాయం ఏముంది? పైగా ఆ అంచనా ఎప్పుడూ గట్టిగా అరిచే కోచ్ వైపే మొగ్గుతుంది.

ఫీబాలో మాట కొంచెం విశాలంగా ఉంటుంది. టైమ్ కొలతలో జరిగిన పొరపాట్లను క్రూ చీఫ్ (ప్రధాన రెఫరీ) స్కోర్‌షీట్ మీద సంతకం చేసే ముందు ఎప్పుడైనా సరిచేయొచ్చు. ముగ్గురు రెఫరీలు మాట్లాడుకుంటారు, టేబుల్‌ని అడుగుతారు, మ్యాచ్‌ని పర్యవేక్షించే కమిషనర్ ఉంటే ఆయన్నీ అడుగుతారు. చివరి మాట క్రూ చీఫ్‌దే. పద్ధతి తెలిసిన క్రూ చీఫ్ ఆ సంభాషణలో "ఎంత పెడదాం?" అని అడగడు. "నువ్వు ఏం చూశావు? బోర్డు మీద అంకె చూశావా, లేదా?" అని ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాడు. ఒకరి జవాబు ఇంకొకరు వినేలోపే ఇద్దరు ఒకే అంకె చెబితే ఇక అనుమానం ఉండదు.

అందుకే ఈ సమస్యకు సగం జవాబు తప్పు జరగకముందే ఉంటుందని నేను నమ్ముతాను. చివరి నిమిషంలో ప్రతి విజిల్‌కీ రెఫరీ తల బోర్డు వైపు తిరగాలి. ఫౌల్ ఎవరిదో టేబుల్‌కి చెప్పడానికి ముందే అంకె మనసులో పడిపోవాలి. త్రో-ఇన్ ఇచ్చే ముందు, "రెండు పాయింట్ నాలుగు" అని తోటి రెఫరీలతో పైకి అనుకోవాలి. టైమర్ కళ్లలోకి చూసి, అతను సిద్ధంగా ఉన్నాడని నిర్ధారించుకోవాలి. త్రో-ఇన్ ఇచ్చే రెఫరీ చెయ్యి పైకెత్తి ఉంచి, బంతి కోర్టులో ఆటగాడిని తాకగానే కిందికి నరికినట్టు దించాలి. చివరి షాట్ సమయంలోపు వదిలారా లేదా అన్నది సాధారణంగా టేబుల్‌కి ఎదురుగా ఉన్న వైపు రెఫరీ చూసుకుంటాడు. అది ఎవరన్నది బంతి ఆటలోకి వెళ్లకముందే తేలిపోవాలి.

టైమర్‌గా కూర్చునేవాళ్లకు ఒక మాట. చివరి త్రో-ఇన్‌లో రెఫరీ చెయ్యి ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే రెండు ఆలస్యాలు కలుస్తాయి: బంతి చూసి రెఫరీ చెయ్యి దించడానికి పట్టే సమయం, ఆ చెయ్యి చూసి మీరు నొక్కడానికి పట్టే సమయం. ఏ పుస్తకం ప్రకారం చేస్తున్నారో మ్యాచ్ ముందే రెఫరీలతో మాట్లాడుకుని, బంతి, చెయ్యి రెండూ ఒకే చూపులో పడేలా కూర్చోండి. అప్పుడు జనం వైపు, స్కోరు వైపు చూడొద్దు. ఆ టెన్షన్‌లో బటన్ గట్టిగా రెండుసార్లు నొక్కేసి, మొదలైన గడియారాన్ని మళ్లీ ఆపేసేవాళ్లను కూడా చూశాను. అనుభవం లేక జరిగేదే, దానికి ఎవరినీ తిట్టాల్సిన పని లేదు.

పెద్ద స్థాయిలో ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి పరికరాలొచ్చాయి. మైకేల్ కోస్టబైల్ అనే రెఫరీ తయారుచేసిన విధానంలో రెఫరీ దగ్గర చిన్న మైకు, నడుముకు ఒక పెట్టె ఉంటాయి. విజిల్ ఊదగానే ఆ శబ్దాన్ని పట్టుకుని గడియారం దానంతటదే ఆగుతుంది. మొదలుపెట్టడానికి రెఫరీ నడుము దగ్గరి బటన్ నొక్కొచ్చు. ఎన్‌బీఏ 1999లో దీన్ని తీసుకుంది. ఆపడంలో ఆలస్యం దాదాపు పోయింది. మొదలుపెట్టడం మాత్రం ఇప్పటికీ మనిషి వేలి మీదే ఉంది, అందుకే మీరు అడిగిన లాంటి సందర్భాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇక రీప్లే విషయానికొస్తే, 2002 ప్లేఆఫ్స్‌లో బజర్ దగ్గర పడిన షాట్ల మీద తప్పుడు నిర్ణయాలు రావడంతో, ఎన్‌బీఏ 2002-03 సీజన్ నుంచి దాన్ని మొదలుపెట్టింది. వెలుతురు గురించి కూడా ఒక వివరం: బ్యాక్‌బోర్డు చుట్టూ ఎర్ర లైట్లు ఉంటే, ఫీబా ప్రకారం సమయం ముగిసిందనడానికి బజర్ శబ్దం కన్నా ఆ లైటుదే చెల్లుబాటు. వీడియోలో చూసేటప్పుడు బజర్ కోసం చెవి పెట్టకండి, లైటు చూడండి.

గడియారం గురించి మాట్లాడుతూ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్‌ని వదిలేయలేం. మూడు సెకన్లు ఉండగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి అమెరికాను 50-49తో ముందుకు తెచ్చాడు. సోవియట్ జట్టు త్రో-ఇన్ వేసింది, కానీ టైమ్‌ఔట్ విషయంలో టేబుల్ దగ్గర గొడవ జరుగుతుండటంతో రెఫరీ ఒక సెకను ఉండగా ఆట ఆపాడు. అప్పుడు ఫీబా సెక్రటరీ జనరల్ విలియం జోన్స్ వచ్చి మూడు సెకన్లు పెట్టమని వేళ్లు చూపించాడు. ఆయన ఆ మ్యాచ్ అధికారుల్లో ఒకడు కాదు. గడియారం ఇంకా సరిచేస్తుండగానే బంతిని ఆటలోకి ఇచ్చేశారు, హార్న్ మోగింది, అమెరికా ఆటగాళ్లు గెలిచామని సంబరాలు మొదలుపెట్టారు. మళ్లీ మూడు సెకన్లు పెట్టి మూడోసారి ఆడించారు. ఈసారి ఎడెష్కో వేసిన పొడవాటి పాస్‌ని బెలోవ్ అందుకుని బాస్కెట్‌లో వేశాడు. 51-50. బ్రెజిల్ రెఫరీ రిగెట్టో స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టలేదు, అమెరికా ఆటగాళ్లు రజత పతకాలు తీసుకోలేదు.

ఆ గొడవలో రాజకీయం గురించి ఎంతో చెప్పుకుంటారు. రెఫరీగా నాకు కనిపించేది వేరు. బోర్డు మీద సరైన అంకె లేకుండా బంతిని ఆటగాడి చేతికి ఇచ్చారు. టేబుల్ నుంచి "సిద్ధం" అన్న సైగ రాకుండా, బోర్డు తమ కళ్లతో చూడకుండా బంతి ఇవ్వకూడదు. కోచ్‌లు తొందరపెట్టినా, జనం అరుస్తున్నా, ఇంకో అర నిమిషం పోయినా సరే. ఇప్పుడు రెఫరీలు గడియారం సరిచేయించాక చేతిలో బంతి పెట్టుకుని బోర్డు వైపు చూస్తూ నిలబడటం మీరు గమనించే ఉంటారు.

గడియారం మారిస్తే షాట్ క్లాక్ (బంతి ఉన్న జట్టు ఎంతలోపు షాట్ కొట్టాలో చూపే గడియారం) కూడా దానికి తగ్గట్టు మారాలని తరచూ మర్చిపోతారు. గేమ్ క్లాక్‌కి రెండు సెకన్లు తిరిగి ఇచ్చి షాట్ క్లాక్‌ని అలాగే వదిలేస్తే, ఒక తప్పు సరిచేయబోయి ఇంకొకటి చేసినట్టే. అన్నీ అయ్యాక రెఫరీలు ఇద్దరు కోచ్‌లనీ ఒకే చోటికి పిలిచి, ఒకే మాట చెప్పాలి: "బంతి తాకినప్పటి నుంచి వదిలేదాకా ఇంత పట్టింది, కాబట్టి బాస్కెట్ లేదు." మీ మ్యాచ్‌లో ఇది జరగలేదని రాశారు. నిర్ణయం సరైనదైనా సరే, ఎలా కొలిచారో చెప్పకపోవడం తప్పే. అలా అడిగే హక్కు మీ కోచ్‌కి ఉంది, మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు.

ప్రొటెస్ట్ గురించి అడిగారు కాబట్టి అదీ చెబుతాను. ఫీబా నిబంధనల్లో, టైమ్ కొలతలో జరిగిన పొరపాటును రెఫరీలు సరిచేయకపోతే అది ప్రొటెస్ట్‌కి కారణం కాగలదు. మ్యాచ్ ముగిసిన 15 నిమిషాల లోపు కెప్టెన్ క్రూ చీఫ్‌కి చెప్పి, స్కోర్‌షీట్‌లో అందుకోసం ఉన్న చోట సంతకం చేయాలి. గెలవడం మాత్రం చాలా అరుదు. 2014 నవంబరులో ఎన్‌బీఏలో మెంఫిస్ 0.3 సెకన్లు ఉండగా సాక్రమెంటో మీద 111-110తో గెలిచింది. త్రో-ఇన్ పాస్‌ని తమ ఆటగాడు ముందే తాకాడని, గడియారం అప్పుడే మొదలవ్వాల్సిందని సాక్రమెంటో ప్రొటెస్ట్ చేస్తే ఎన్‌బీఏ తోసిపుచ్చింది. 2007 డిసెంబరులో అట్లాంటా, మయామి మ్యాచ్‌లో ఫౌళ్ల లెక్క తప్పినందుకు మాత్రం ప్రొటెస్ట్ నెగ్గింది, చివరి 51.9 సెకన్లు 2008 మార్చిలో మళ్లీ ఆడించారు. అక్కడ తప్పు కాగితం మీదే కనబడుతోంది. గడియారం విషయంలో అలాంటి రుజువు దొరకడం కష్టం.

మీ కెప్టెన్ ఆ 15 నిమిషాల్లో సంతకం చేయకపోతే ఆ ఫలితం మీద ఇప్పుడు చేయగలిగింది లేదు. ఎవరి ఫోన్‌లోనైనా వీడియో ఉంటే మాత్రం ఫ్రేములు లెక్కపెట్టి చూడండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే, బంతి తాకిన ఫ్రేమ్ నుంచి 72 లోపు అతని చేతిని వదిలి ఉంటే మీ బాస్కెట్ చెల్లాల్సిందే.